పిడి లేని సైరన్

శ్రీవారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం మీ ఓడ ఆగే రేవులో మీకోసం కాచుకుని ఉంటుంది. అందుకునేసరికి మీరు కులాసాగా ఉండాలి. ఇక్కడ అత్తయ్య, పాప, నేను క్షేమం. ఈ మాట రాసేముందు లేచి వెళ్ళి ఇద్దరినీ ఒకసారి చూసొచ్చాను. మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు. బయట వాన పడుతోంది, నాకు భయంగా ఉంది. ఎందుకో చెబుతాను. మీరు మాత్రం వరసగా చదవండి. ముందు ఆఖరి పేజీ తిప్పే మీ అలవాటు నాకు తెలుసు.

మ్యూజియం ఎంతవరకు వచ్చిందని అడిగారు. కిందటి ఉత్తరం చివర మీ అమ్మ ఎప్పటిలా రెండు ముక్కలు ఎందుకు రాయలేదన్నారు. పాప అక్షరాలు అంత వంకరగా ఎందుకున్నాయన్నారు. మొదటిదానికి జవాబు తేలిక. మిగతా రెంటికీ జవాబు ఒకటే, అది రాయడానికే నాకు చెయ్యి రావడం లేదు.

పాత ధాన్యం గిడ్డంగిని మాకిచ్చారు కదా, మూడు గదులూ ఒక రూపానికొచ్చాయి. ముందు గదిలో మన వీధుల పాత ఫొటోలు, మధ్య గదిలో పడవలవాళ్ళ పనిముట్లు. వెనక గది మీ చిన్నప్పటి వరదది. ఆనాడు నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడ చుట్టూ నీలం గీత గీశాను. అది నా తల పైనుంచి పోయింది. నిచ్చెన మీద నిలబడి గీస్తుంటే కింద నీళ్ళున్నట్టే అనిపించింది. కమిటీ ప్రెసిడెంటు గారు చూసి, "కొంచెం కిందకి గీయకపోయావా అమ్మా, పిల్లలు జడుసుకుంటారు" అన్నారు. "నీళ్ళు ఎంతవరకొస్తే అంతవరకే గీస్తానండీ" అన్నాను. తలుపు గొళ్ళెం కూడా కొలిచి బిగించే మనిషిని, మీకు తెలియనిదేముంది.

జనం ఇళ్ళలోంచి వస్తువులు తెచ్చారు. ఒండ్రు నిండిన రేడియో, బురద మరకల తలుపురెక్క, ఇంకా ఏవేవో. అత్తయ్య మాత్రం ఏమీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఆ వరదలో గుట్ట ఎక్కుతుండగా అత్తయ్య చేతిలోంచి మీ అక్క చెయ్యి జారిపోయిన సంగతి మన ఇంట్లో ఎవరూ ఎత్తరు. అప్పటికి మీరు చంకలో పిల్లాడు. ఆ గదిలో నేనేం పెడుతున్నానో ఆవిడకు ముందే చెప్పాల్సింది. చెప్పే ధైర్యం లేక తప్పించుకు తిరిగాను.

ఆ గదికి ముఖ్యమైనది ఆనకట్ట మీది పాత చేతి సైరన్. ఇప్పుడక్కడ కరెంటుది పెట్టారు కాబట్టి దీన్ని మాకిచ్చేశారు. తుప్పు వదిలించి, గ్రీజు పూసి, తిప్పే పిడి బిగించాను. ఒకప్పుడు ఆనకట్ట గేట్లు తిప్పిన పెద్దాయనను ఊరంతా గేట్ల తాత అంటారుగా, ఆయన్ను పిలిపించి ఎలా మోగించేవారని అడిగాను.

"పొట్టి కూతలు మూడొస్తే గేట్లు పరీక్ష చేస్తున్నట్టమ్మా. వాటి వెనకాల పొడుగు కూత వచ్చిందనుకో, అన్నం గిన్నె పొయ్యి మీదే వదిలేసి గుట్టెక్కాలి. ఇప్పటి కరెంటుదానికీ అదే లెక్క" అన్నారు.

ఇక చెబుతాను. మోగుతుందో లేదో చూద్దామని సైరన్ నోటికి దుప్పటి చుట్టాను, కిటికీలు మూశాను, చప్పుడు గది దాటదనుకున్నాను. పైన వెంటిలేటర్లకు అద్దాలు లేవన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. ఊరికే ఒకసారి గిర్రున తిప్పి వదిలేస్తే ఏ లారీ హారనో అనుకుని ఊరుకునేవారు. నేను పనితనం చూపించబోయాను. మూడు పొట్టివి, ఒక పొడుగుది, తాత చెప్పింది చెప్పినట్టు తిప్పాను. భలే వచ్చిందని మురిసిపోయి రెండోసారి కూడా తిప్పాను.

తలుపు తీస్తే వీధి వీధంతా పరుగెడుతోంది. ముసలివాళ్ళే ముందున్నారు. ఏమైందని నేనే ఒకావిణ్ణి అడిగాను చూడండి, అంత మొద్దును. "కూత వినబడలేదా తల్లీ" అందావిడ. అది నేను తిప్పిన కూతేనని అప్పుడర్థమైంది. ఇంటికి పరుగెత్తాను. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. స్టవ్వు మీద పాలు పొంగి మాడుతున్నాయి. అత్తయ్య లేరు, పాప లేదు.

గుట్ట మీది స్కూలు వరండా అంతా వెతికాను. అక్కడా లేరు. ఎవరో పైకి చూపించారు. స్కూలు వెనకాల నీళ్ళ ట్యాంకుంది కదా, దాని ఇనుప మెట్ల మీద, సగానికి పైన ఉన్నారిద్దరూ. మన మేడ మెట్లెక్కడానికే మోకాళ్ళు పట్టుకునే మనిషి. ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో పాప మణికట్టు. గాలికి చీర కొట్టుకుంటోంది. కాలు జారితే ఇద్దరూ కిందికే. గట్టిగా పిలవడానికి కూడా భయపడ్డాను.

"అత్తయ్యా, మెల్లిగా దిగండి, ఏమీ కాలేదు."

"నీళ్ళు తీశాయా?"

"అసలు రాలేదత్తయ్యా. అది మ్యూజియంలో నేను తిప్పాను."

ఆవిడ నావంక చూసి, "అయితే చెయ్యి వదలమంటావా" అన్నారు. వదలలేదు. నేను పైకెక్కి ఒక్కొక్క వేలూ విడదీశాను. పాప మణికట్టు వాచిపోయింది, అందుకే ఆ వంకర అక్షరాలు. "నానమ్మ భలే పరుగెత్తిందమ్మా, నొప్పి అన్నా వదల్లేదు" అని అది అందరికీ గొప్పగా చెప్పుకుంటోంది. అత్తయ్య మాత్రం నాతో మాట మానేశారు. ఉత్తరంలో రాయడానికి కాగితమిస్తే పక్కకు నెట్టేశారు.

నన్ను తిట్టండి, పడతాను. కానీ నా భయం అయిపోయినదాని గురించి కాదు. మొన్న బేకరీలో రొట్టె కోసం నిలబడ్డాను. ఇంతలో మూడు పొట్టి కూతలు వినబడ్డాయి, ఆనకట్ట నుంచి. బేకరీ బాబాయి తలైనా ఎత్తకుండా "మ్యూజియం వాళ్ళు మళ్ళీ మొదలెట్టారు" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడు తలెత్తితే ఎదురుగా నేను. ఆయన చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. పొడుగు కూత వస్తుందేమోనని అందరం ఊపిరి బిగబట్టాం. రాలేదు. నేనక్కడ లేకపోయుంటే, అది వచ్చినా వీళ్ళు కదిలేవాళ్ళు కాదు కదా అనుకున్నాను. ఊరు నమ్మే ఒక్క కూతనూ నేనే పాడుచేశాను.

ఇంటికొచ్చి అదే ఏడుస్తూ చెప్పాను, వింటున్నారో లేదో తెలియకుండానే. అత్తయ్య అంతా విన్నారు.

"ఆ పిడి ఊడదీసి నాకివ్వు."

మర్నాడు వానలోనే మమ్మల్ని బయల్దేరదీశారు. ఒక చేతిలో ఇనుప పిడి, ఇంకో చేతిలో పాప చెయ్యి, వెనక గొడుగు పట్టుకుని నేను. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఒకటే మాట. "ఇదిగో పిడి. ఇకమీద ఇది నా దగ్గరే ఉంటుంది. పొడుగు కూత వినబడితే అది మా కోడలు కాదు. పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుని గుట్టెక్కండి. నేనొక పిల్లను వదిలేసుకున్నదాన్ని, చెబుతున్నాను." ఆ మాట ఆవిడ నోట వినడం నాకు ఇదే మొదలు. బేకరీ బాబాయి చేతులు కట్టుకుని విన్నాడు. కొందరు సగంలోనే తలుపేసుకున్నారు. ఆ ఇళ్ళేవో నాకు గుర్తే, రేపు మళ్ళీ వెళ్ళాలి.

ఆదివారం మ్యూజియం తెరుస్తున్నాం. సైరన్ పక్కన బోర్డు మీద అత్తయ్య మాటలే రాశాను. ప్రెసిడెంటు గారే మేకు కొట్టి దాన్ని తగిలించారు. నది ఇంకా పెరుగుతోందంటున్నారు. చెప్పులు గుమ్మంలోనే పెట్టుకుని కూర్చున్నాను. మీరు జాగ్రత్త.

ఇట్లు,
మీ కోపానికి సిద్ధంగా ఉన్న
మీ భార్య

నాన్నా, అమ్మను రాస్తున్నా. పాప చెయ్యి బాగైంది. వాన తగ్గలేదు, చెవులు ఆనకట్ట వైపే వేసి ఉన్నాను. నీ పెళ్ళాన్ని ఏమీ అనకు. ఈసారి వదల్లేదురా.