గొర్రెలు గుర్తుపట్టే చప్పుడు

చిన్నాయనా,

నీ మోటారు సైకిలు బండిని పాడు చేసింది నీ బామ్మర్ది శివప్పే. సోలార్ పార్కులో సూపర్‌వైజరు అయ్యాడు కదా, హొసకోట బజారంతా తన వైపు తిరిగి చూడాలని, నిలబడ్డప్పుడు ఇంజను వేగాన్ని సరిచేసే ఐడ్లింగ్ స్క్రూ బిగించి ఇంజను చేత రంకెలు వేయిస్తున్నాడు. బుర్రలో ఏమీ లేనివాడికి చప్పుడే పెద్దరికం!

సాయంత్రం నువ్వు బండి ఆపి, ఇంజనును నిదానంగా కొట్టుకోనిస్తే చాలు, ప్యానెళ్ల కింద మేసే గొర్రెలన్నీ వచ్చి చుట్టూ చేరేవి. నిన్న ఆ రంకెకు మంద చెదిరిపోయింది. రెండు గొర్రెలు పార్కు లోపలే ఉండిపోయాయి.

"బండిదేం తప్పక్కా? వాటికే చెవుడొచ్చిండాది" అని పిన్నిని చూసి నవ్వాడు శివప్ప.

"నీ గొంతు ఇంటే నేనే పారిపోతాండా, గొర్రెలెంతరా?" అంది పిన్ని.

దానికి ఉడుక్కుని పార్కు గేటుకు తాళం వేశాడు. ఇక మంద లోపలికి రాకూడదట! సోలార్ పార్కుకు కౌలుకిచ్చింది మన భూమిని, మన నోళ్లను కాదు.

ఈ రోజు నువ్వు పోయి ఏడాది. శివప్ప దగ్గర బండి తీసుకుని కంచె దగ్గరకు తెచ్చాను. ఇంజను వేడెక్కనిచ్చి, స్క్రూ కొద్దికొద్దిగా నేనే వదులు చేశాను. నీ చప్పుడు దొరికింది. కంచె అవతల నుంచి, లోపల ఉండిపోయిన రెండింటిలో ఒక గొర్రె అరిచింది.

మందలున్న ప్రతి ఇంటికీ చెప్పి వచ్చాను. హారన్లు వద్దు, నినాదాలు వద్దు, తాళం తీసేదాకా నీ బండి ఒక్కటే మాట్లాడుతుంది. "రేపు సాయంత్రం అయిదింటికి, అందరూ గేటు ముందుకు రండి!" అన్నాను.