వాలు లేని చోట ఆపాను

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. "మీ నాన్న జీపును తుక్కుకు వేసెయ్యి" అని అందరూ అన్నారు. వెయ్యలేదు.

దాని డైనమో బ్యాటరీని సరిగ్గా చార్జి చెయ్యదని, యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎప్పుడూ వాలు చూసి ఆపేవాడివి. దొర్లించి స్టార్ట్ చేసేవాడివి. "ముసల్ది, ఇంతకన్న అడగొద్దు" అనేవాడివి. నేను అడిగాను.

లాలాపేట్ మెకానిక్, "రెగ్యులేటర్ స్క్రూ తిప్పుతా అక్కా, కరెంటు మస్తు వస్తది" అన్నాడు.

"డైనమో కాలిపోతది. స్క్రూ ముట్టకు. దాని బెల్టు పుల్లీ తీసి జర చిన్నది ఎయ్యి" అన్నాను.

ఇప్పుడు బండి మెల్లగా పోతున్నా డైనమో జోరుగా తిరుగుతోంది. మరీ స్పీడుగా తిరిగినా దానికి ముప్పే కాబట్టి హైవే ఎక్కించను. హెడ్‌లైట్లకు కరెంటు తక్కువ తాగే ఎల్‌ఈడీలు వేయించి దాని మీద భారం తగ్గించాను. క్యాంపస్ అంతా తిప్పి, నీలాగే డైనమో మీద చెయ్యి ఆనించి చూశాను. వెచ్చగా ఉంది, అంతే.

తర్వాత తార్నాకలో, వాలన్నదే లేని చోట ఇంజన్ బంద్ చేసి చాయ్ తాగాను. తిరిగొచ్చి కూర్చోగానే, ముసలి జీపును చూసి తొయ్యడానికి ఇద్దరు వచ్చారు.

"నూకాల్నా మేడం?"

"పక్కకు జరుగుండ్రి."

తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది.

చూశావా బాపూ, అడిగితే ఇచ్చింది.