గాబ్రియేలు కట్టిన వడ్డీ

స్తుతి వాళ్ల నాయనా,

అన్నం, పప్పు మూత కింద ఉన్నాయి. నేను పొద్దున బస్సుకే కడప పోతున్నాను, ఆడిటరు దగ్గరికి.

టీవీ మీద పెట్టిన కాగితం చదువు. ఇన్‌కంటాక్సు వాళ్లు నా పేరున పంపారు. మా అమ్మ నాకు రాసిచ్చిన వేంపల్లె స్థలాన్ని గాబ్రియేలుకు కంతుల మీద అమ్మాం కదా. మూడేళ్లుగా ఆయన కట్టిన వడ్డీ నా ఆదాయమంట. ఎందుకు చూపించలేదని అడిగారు.

నిన్న గాబ్రియేలు ఇంటికి పోయాను. రసీదులన్నీ ముందర పరిచాడు. నా పేరు, నా సంతకం, చేతిరాత మాత్రం నీది. “దుడ్లు తీసుకోని రసీదు అన్నే ఇస్తాండె కదా వదినా, నీకు తెల్సనుకుంటి” అన్నాడు పాపం. నేనడిగినప్పుడల్లా నువ్వేమన్నావు? “నీకెందుకు, నేను చూసుకుంటాండా కదా” అన్నావు. బాగా చూసుకున్నావు.

నీ మీద ఫిర్యాదు చెయ్యను. టాక్సు ఎంతైనా కడతాను. ఆ వడ్డీ నాదేనని రాసి, ఈసారి సంతకం నా చేత్తో నేనే పెడతాను. వచ్చే నెల నుంచి దుడ్లు నా బ్యాంకు ఖాతాలోనే పడతాయి. నీ బుల్లెట్ బండి కంతు ఎట్లా కడతావో చూసుకో.

రాహేలు

మరిచాను. క్రిస్మస్‌కు కృతజ్ఞత కానుకని చర్చిలో ఐదువేలిచ్చి నీ పేరు చదివించుకున్నావే, అదీ నా వడ్డీయే. పాస్టరు అయ్యగారికి చెప్పాను, ఈ ఆదివారం ఆ కానుకకు నా పేరు చదువుతారు. ముందు వరసలో కూర్చుని గట్టిగా ఆమేన్ అను.