అడ్డంగా పడిన గీత

జూన్ 9, 2007

అక్కకు తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాం. బావగారి మోకాలు ఎలా ఉందో నువ్వు రాయలేదు.

అమ్మ కథలున్న సీడీ కావాలని మూడు ఉత్తరాలు రాశావు. గీత పడి పాడైందని మూడుసార్లూ జవాబిచ్చాను. అమ్మ బతికున్నప్పుడు ఎలాగూ గడప తొక్కనివ్వలేదు, గొంతయినా వింటాను అని ఈసారి రాశావు. అది చదివాక దాన్ని రేడియోలు బాగుచేసే సోడాబుడ్డి అద్దాలాయన దగ్గరికి తీసుకుపోయాను.

దీపం కింద తిప్పి చూసి, ఇందులో గొంతు ఉండదు, అంకెలుంటాయి అన్నాడు. సెకనుకు నలభై నాలుగు వేలసార్లు శబ్దాన్ని కొలిచి, ఆ కొలతలను కంటికి ఆనని మచ్చలుగా, మధ్యనుంచి అంచుదాకా చుట్టలు తిరిగిన దారిలో పరుస్తారట. వెలుగు ఆ దారిన పోతూ మచ్చలను చదివితే, యంత్రం వాటిని మళ్ళీ గొంతు చేస్తుందట. మరి గీత పడినచోట మాటలు పోయినట్టే కదా అన్నాను. పోవు, ఒక మాట కొలతలన్నీ ఒకేచోట పెట్టరు, అక్కడక్కడా చల్లి, సరిచూసుకోడానికి అదనపు అంకెలు కలుపుతారు, కొన్ని చెరిగితే మిగిలినవాటిని బట్టి యంత్రమే పూడ్చుకుంటుంది అన్నాడు. గీత దారి వెంట గుండ్రంగా పడి ఉంటే చచ్చేది, అడ్డంగా పడింది గనక బతికింది అన్నాడు. నేను పాత గ్రామఫోను రికార్డుల మనిషిని. అడ్డగీత పడితే అన్నీ పోతాయనే అనుకున్నాను.

ఇంత తిన్నగా ఎలా పడిందని అడిగాడు. పిల్లి గీరిందన్నాను. మీ పిల్లి స్కేలు పెట్టి గీస్తుందా తమ్ముడూ అని నవ్వాడు.

పెట్టి వినిపించాడు. ప్రతి చుట్టులోనూ గీత తగులుతుంది కదా, ఎక్కడో ఒకచోట తడబడుతుందని చూశాను. తడబడలేదు. అమ్మ గొంతు సవరించుకోవడం, ఊపిరందక ఆగడం, మంచం కిర్రుమనడం, అన్నీ ఉన్నాయి. చివరిదాకా వినకుండా, పనుందని తీసుకొచ్చేశాను. ఆ రోజునుంచి అమ్మ మంచం తీసేసిన మూల కిర్రుమంటూనే ఉంది. నీ మరదలికి వినపడదట.

సీడీ దీనితోనే పంపుతున్నాను. అంచులు పట్టుకో. మెరిసే వైపు ముట్టుకోకు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. మాకు పిల్లి లేదు. అమ్మ పోయిన నెలకు నేనే స్కేలు పెట్టి మేకుతో గీశాను. కథలు రికార్డు చేసిన పంతులమ్మ చివర్లో మంచినీళ్ళకు లేచింది, యంత్రం ఆపలేదు. అప్పుడు అమ్మ నాతో అంది, పెద్దదానికి కబురు పెట్టరా, కోపంలో అన్నాను, ఒకసారి వచ్చి పొమ్మను అని. ఆ తర్వాత పద్దెనిమిది రోజులు ఉంది. వీధిలో బండి చప్పుడైతే తల తిప్పేది. ఆరేళ్ళు ఎత్తి కూర్చోబెట్టింది నేను. అడిగింది నిన్ను. చివరిదాకా విను. అలాగేనమ్మా, ఈరోజే పెడతాను అనే గొంతు నాది.