స్తంభం ఎక్కే ముందు

అక్కా,

కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం మాన్పించి రమ్మని నన్ను నీ కూతురి దగ్గరికి పంపావు కదా. వెళ్లాను. ఆ ఉదయమే పక్క వీధిలో తీగ తెగిందని నీ కూతురు బయల్దేరితే, దాని వెంటే వెళ్లి చూస్తూ నిలబడ్డాను.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు ఆపి, పెట్టెకు తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే వేసుకుంది. అయినా స్తంభమెక్కాక తీగను ముట్టుకోలేదు. ముందు టెస్టర్ పెట్టి చూసింది. ఆ తర్వాత తీగను గొలుసుతో భూమికి కలిపింది.

"ఆపేశావుగా, మళ్లీ ఇదంతా దేనికే?" అని కిందినుంచి అరిచాను.

"ఎవరింట్లోనైనా జనరేటర్ వేస్తే, అటునుంచి తీగలోకి కరెంటు ఎదురు రావచ్చు పిన్నీ! కాలేజీలో ఫిజిక్స్ చెప్తావు, ఆ మాత్రం తెలీదా?" అంది. పక్కనున్న లైన్‌మన్ మొహం తిప్పుకుని నవ్వాడు.

నిజమే. ఇరవై ఏళ్లుగా కరెంటు పోయే దారి చూపిస్తూ నేను బోర్డు మీద గీసిన బాణాలన్నీ ఇళ్లవైపే పోయాయి.

గేటు తాళం మూడుసార్లు లాగి చూసే నన్ను మీరంతా అనుమానప్పక్షి అంటారు. ఆ గుణం మన ఇంట్లో ఒక్కరికైనా అక్కరకొచ్చింది.

నాకు భయం పోయిందని అబద్ధమాడను. కానీ మానమని చెప్పకుండానే, నిమ్మళంగా తిరిగొచ్చేశాను. తిట్టాలనిపిస్తే నన్ను తిట్టు. దాన్ని మాత్రం పనికి పోనివ్వు.

నీ చెల్లెలు