బుజ్జిదాని ముందు పళ్లు

అత్తయ్యా,

మీకు ఇప్పుడిప్పుడే కునుకు పట్టిందని లేపలేదు. ఇవాళ కుట్టు ఫ్యాక్టరీలో నాది పొద్దుటి షిఫ్టు, బస్సు వచ్చే వేళైంది.

నిన్న బుజ్జిదాన్ని పళ్ల డాక్టరమ్మకు చూపించాను. పైన ముందు పళ్లు రెండూ పుచ్చిపోయాయట. బాగుచేయడమో తీసేయడమో గురువారం చూసి చెబుతానంది. అందాకా మధ్యాహ్నం పడుకునేటప్పుడు దాని నోట్లో పాలసీసా పెట్టకండి. కూర్చోబెట్టి గ్లాసుతో పాలు తాగించి, పళ్లు తోమాకే పడుకోబెట్టండి. మరీ ఏడిస్తే సీసాలో ఉత్త నీళ్లు పోసివ్వండి. కొత్త బ్రష్షు అద్దం దగ్గర ఉంది. పేస్టు బియ్యపుగింజంత చాలు. ఒళ్లో పడుకోబెట్టుకుని తోమితే తల తిప్పదు.

"పాలపళ్లే కదా, ఎలాగూ ఊడేవే" అని మీరన్న మాటే నేనూ ఆవిడతో అన్నాను. "ఆరేడేళ్లు వచ్చేదాకా కొరికేది వాటితోనే కదమ్మా" అంది.

సీసాలో పంచదార వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పినా మీరు నవ్వేసి ఊరుకుంటారు. ఈసారైనా నా మాట వినండి.

ఇంకో సంగతి. రాత్రిళ్లు నిద్రలో సీసా ఎవరిస్తున్నారని డాక్టరమ్మ అడిగితే, మా అత్తగారని చెప్పేశాను. ఇచ్చేది నేనే. పని నుంచి వచ్చాక జోకొట్టే ఓపిక లేక, సీసా దాని నోట్లో పెట్టి పక్కన పడిపోతున్నాను. గురువారం మీరూ రండి. మీ ఎదుటే ఆవిడకు నిజం చెబుతాను.