బతికున్న పావాయి పేరిట

మణప్పారై పాత బస్టాండు వెనక వీధిలో అచ్చుకూటం నడుపుకుంటున్న మారుదముత్తు అనే నేను, కీర్తిశేషులు వీరమలై గారి కుమారుణ్ణి, డెబ్భై రెండేళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా నా ఇష్టపూర్తిగా రాసి ఉంచుతున్న కడపటి వీలునామా ఇది. ఇంతకు ముందు ఇంకేదీ రాయలేదు. బుద్ధి స్థిరంగానే ఉంది. దానికి డాక్టరు గారి సర్టిఫికెట్ జతపరిచాను. దాని కోసం వెళితే ఆయన నా నాడి కూడా చూడకుండా రెండు చేతులూ పట్టుకుని, మీలాంటి తండ్రికి పుట్టాలంటే రాసిపెట్టి ఉండాలని కళ్ళు తుడుచుకున్నారు. అమ్మగారు పోయి ఎన్నేళ్ళయిందని కూడా అడిగారు. అమ్మగారు బయట బెంచీ మీద కూర్చుని నర్సుతో మందుల చీటీ చదివించుకుంటోంది. నేనూ ఆ డాక్టరు గారూ, ఇద్దరిలో బుద్ధి స్థిరంగా లేనిది ఎవరికో చదివేవారే తేల్చుకోవచ్చు.

ఈ వీలునామా రాయడానికి కారణం: నాకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు కదిరవన్, సినిమా డైరెక్టరు. చిన్నవాడు ఎళిల్, అన్న తీసే సినిమాలకు నిర్మాత. ఇద్దరి కాపురాలూ చెన్నైలోనే. తమ తండ్రి త్యాగమంటూ వాళ్ళు తీసిన సినిమా పోయినేడు తమిళనాడంతా ఆడింది. అందులో నా భార్య చిన్నవాణ్ణి కంటూ చచ్చిపోతుంది. ఆపైన నేను మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా, మురుకులు వేయించి, రైల్వే ప్లాట్‌ఫారం మీద అమ్మి, కాగే నూనెలో చేయి కాల్చుకుని, పస్తులుండి పిల్లల్ని పెంచుతాను. జనం కుళ్ళి కుళ్ళి ఏడ్చారు. నా భార్య పావాయి అమ్మాళ్ ఈ వాక్యం రాసే వేళకు వంటింట్లో చింతపండు పిసుకుతూ, ఇంకా ఎంతసేపు రాస్తారని నన్ను కేకలేస్తోంది.

ఇప్పుడు వాళ్ళకు రెండో భాగం తీయాలని ఉంది. అందుకు ఈ ఇల్లూ అచ్చుకూటమూ తాకట్టు పెట్టాలని కాగితాలు పట్టుకొచ్చారు. కదిరవన్ నా పక్కన కూర్చుని నా మోకాలి మీద చేయి వేసి, "నాన్నా, రెండో భాగంలో నువ్వు కూడా చచ్చిపోతావు. జనం కర్చీఫులు పిండుకుంటూ బయటికొస్తారు" అన్నాడు. అప్పు తీరకపోతే మీ అమ్మ ఎక్కడుంటుందిరా అని అడిగాను. ఎళిల్ ఫోనులోంచి తల ఎత్తకుండా, "అమ్మదేముంది నాన్నా, ఎక్కడో ఒకచోట సర్దుకుంటుంది" అన్నాడు. నేను సంతకం పెట్టలేదు. పావాయి నెత్తి మీద కప్పు నేను పోయాక కూడా నిలవాలి. ఈ కాగితం అందుకే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను, ఇక ఊరుకోను.

1. మణప్పారై పురపాలక సంఘం పరిధిలో, తూర్పున షాహుల్ హమీద్ సైకిళ్ళ దుకాణం, పడమర మునిసిపల్ కాలువ, ఉత్తరాన వీధి, దక్షిణాన రైలు కట్ట హద్దులుగా గల నా ఇల్లు, కింది భాగంలోని అచ్చుకూటం, అందులోని యంత్రాలు, అక్షరాల పెట్టెలు, పెరట్లోని బావి, నిమ్మచెట్టు, సమస్తమూ నా తదనంతరం నా భార్య పావాయి అమ్మాళ్‌కు దాన విక్రయాది సర్వహక్కులతో చెందుతాయి. బతికినంత కాలం ఉండిపొమ్మనే హక్కు మాత్రమే కాదు. అమ్ముకుంటుందో తగలబెట్టుకుంటుందో ఆమె ఇష్టం. ఆస్తి నా స్వార్జితమని రాయమని లాయరు చెప్పాడు కాబట్టి రాస్తున్నాను గానీ, గోడలు సగం ఆమె మురుకుల మీద లేచినవే. కొడుకులిద్దరికీ ఇందులో జానెడు నేల లేదు. కోర్టుకెక్కుతామంటే ఎక్కండి. మీ అమ్మ బతికే ఉందని జడ్జి గారి ముందు మీ నోటితో మీరే చెప్పుకోవాల్సి వస్తుంది.

2. ఇనుప మూకుడు, మురుకుల గొట్టం, పొయ్యి పావాయి సొంతం. వాటిని ఇంకొకరికి ఇచ్చే అధికారం నాకు లేదు. కదిరవన్‌కు ఆమె అనుమతితో చిల్లుల గరిటె ఒక్కటి ఇస్తున్నాను.

ఒరేయ్ కదిరవన్, నీ సినిమాలో మురుకులు ఒక్కసారే వేయించి తీసేశారు. ఈ ఊళ్ళో పుట్టినవాడివి. సగం వేగాక తీసి, చల్లార్చి, మళ్ళీ నూనెలో వేస్తేనే మన మురుకని బడికెళ్ళని పిల్లకైనా తెలుసు. కాలింది ఎవరి చేయో మరచినవాడికి ఇది గుర్తుంటుందని నేనూ అనుకోలేదులే. మీ అమ్మ మోచేతి కింద మచ్చ ఆ రెండో వాయి వేసేటప్పుడు పడింది. నీకప్పుడు నాలుగేళ్ళు. వెనక నుంచి వచ్చి కొంగు లాగావు. ఆ సంగతి నీ చెవిన పడకూడదని నాతో ఒట్టు వేయించుకుంది. ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. తెలుసుకుని ఏడువు. నువ్వేమో ఆ మచ్చను ఊడబెరికి తెచ్చి నా చేతికి అతికించావు. నేనూ కష్టపడ్డాను. శుభలేఖలు, బడి పరీక్ష కాగితాలు, చావు పోస్టర్లు రాత్రనక పగలనక అచ్చు వేశాను. నా కష్టం నాకు చాలు. పెళ్ళాం కష్టాన్ని అరువు తెచ్చుకుని ఊరేగే ఖర్మ నాకింకా పట్టలేదు.

3. వైయంపట్టిలో ఉండే నా బావమరిది కరుప్పణ్ణన్‌కు, మా అరుగు మీద నేను కూర్చునే టేకు కుర్చీ, కింది భాగంలో వీధి వైపు గది, అతను కోరినంత కాలం. పావాయి అతనికి ఒక్కగానొక్క చెల్లెలు.

కారణం రాయకపోతే నా కడుపుమంట తీరదు. మా వైపు మనిషి పోతే తెల్లారేసరికి గోడల మీద కన్నీటి అంజలి పోస్టరు ఉండాలి. నల్ల అంచు, మధ్యలో ఫోటో. మా అచ్చుకూటంలో దానికొక కట్టుబాటు ఉంది. పోయినవారి ఇంటి మనిషి మా గడప తొక్కి నోటితో చెబితేనే అచ్చు వేస్తాం. పగబట్టినవాళ్ళు బతికున్నవాళ్ళకు కూడా వేయించడానికి వస్తారు, అందుకు. ఆ గదిలోనే అక్షరాల పెట్టెల మధ్య పడి పెరిగిన ఎళిల్ సినిమా ప్రచారానికి సరిగ్గా అలాంటి పోస్టరే చెన్నైలో వేయించాడు. మధ్యలో పెట్టింది కన్నతల్లి అసలు ఫోటో. సినిమా పేరు అడుగున చీమ తలకాయంత. దాన్ని తెచ్చి ఆమె పుట్టింటి ఊరు గోడల మీద కూడా అంటించారు.

కరుప్పణ్ణన్ చిన్న అక్షరాలు చదవలేదు. చెల్లెలి ముఖం చూశాడు, అంతే. వ్యాను మాట్లాడి, బంధువులనెక్కించుకుని, దండలు, పోయిన ఆడపడుచుకు పుట్టింటివారు కప్పే కొత్త చీర పట్టుకుని, వీధి మలుపు నుంచే గుండెలు బాదుకుంటూ వచ్చారు. పావాయి గడపలో రుబ్బురోలు కడుగుతోంది. కరుప్పణ్ణన్ దండ చేతిలో ఉండగానే చతికిలబడి, "చెల్లీ, నువ్వేనా" అన్నాడు. ఆ మాటతోనే అతని మూతి పక్కకు తిరిగింది. ఇవాళ్టికీ కుడి చేయి లేవదు.

చీర సంగతికి వస్తే, అది చావు చీర, ఇంట్లో ఉండకూడదు, ఏట్లో వదలమని వచ్చిన ఆడవాళ్ళంతా పట్టుబట్టారు. పావాయి వినలేదు. "మా అన్న కొన్న చీర. నేను పోయాక కప్పితే నాకేం తెలుస్తుంది? ఇప్పుడే కట్టుకుంటా" అంది. పసుపు నీళ్ళలో తడిపి ఆరేసి, ఆసుపత్రికి అన్నకు గంజి తీసుకెళ్ళినన్ని రోజులూ అదే కట్టుకుంది. కొడుకులు ఫోను చేశారు. మామయ్య వైద్యం ఖర్చు తామే పెట్టుకుంటారట, పత్రికల వాళ్ళతో మాత్రం ఎవరూ మాట్లాడకూడదట. మామయ్య ఎలా ఉన్నాడని అడగడం వాళ్ళకు చివర్లో గుర్తొచ్చింది.

4. ఎళిల్‌కు ఆ పోస్టరులో వాడిన ఫోటో అసలు ప్రతి. అది వాడి పెళ్ళిలోనే తీసింది, పావాయి కోడలి పక్కన నిలబడి నవ్వుతోంది. దానికి దండ వేసినట్టు తెలిస్తే అమలుదారు వెంటనే వెళ్ళి వెనక్కు తీసుకోవాలి.

పావాయి ఆ సినిమా చూస్తానంది. వద్దన్నాను, వింటుందా? తీసుకెళ్ళాను. తెర మీద ఆమె పోయినప్పుడు పక్క సీటావిడ పావాయి భుజం మీద వాలిపోయి, ఆ మహాతల్లి ఉండుంటే ఈ తండ్రికి ఇన్ని పాట్లుండవు గదా అని వెక్కి వెక్కి ఏడ్చింది. పావాయి ఆమెకు కళ్ళు తుడుచుకోమని తన కొంగు అందించింది. నేను అటు చూడలేకపోయాను. ఇంటికొచ్చాం. కాళ్ళు కడుక్కుంటూ పావాయి అంది: "చంపితే చంపారు, పోనివ్వండి. చచ్చేముందు నాకు ఒక్క మాటన్నా పెట్టలేదేం?"

అదే మాట ఎళిల్‌ను అడిగాను. "అమ్మ ఉంటే కథ పలచబడుతుంది నాన్నా. ఒంటరి తండ్రయితేనే జనం పట్టుకుంటారు" అన్నాడు. పలచబడుతుందట. ఈ ఇంట్లో గంజి పలచబడకుండా ఆమె తన గిన్నెలో నీళ్ళు పోసుకున్న రోజులు వాడికెవరూ చెప్పలేదు. నేను చెబుతున్నాను.

5. సినిమా ఆడాక కొడుకులు పెట్టించిన సన్మాన సభలో నాకు కప్పిన జరీ శాలువా పిండి గ్రైండరు మీద దుమ్ము పడకుండా కప్పడానికి. అక్కడ వాళ్ళు నా కాళ్ళు కడిగిన వెండి పళ్ళెం మా కంపోజిటరు తంగమయిల్ కూతురికి, పెళ్ళికి.

కాళ్ళు కడిగినంత సేపూ ఇద్దరి ముఖాలూ కెమెరా వైపే ఉన్నాయి. వేలాది మంది చప్పట్లు కొట్టారు. ఆ సభకు బయలుదేరే వేళకు కదిరవన్ ఫోను చేసి, "అమ్మను తీసుకురావద్దు నాన్నా, జనం అయోమయంలో పడతారు" అన్నాడు. పావాయి అప్పటికే తలకు నూనె రాసుకుని, మల్లెపూలు కొనుక్కుని కూర్చుంది. జ్వరమొచ్చినట్టుంది, నేను రాలేను, మీరు వెళ్ళిరండి అంది. ఆమె ఒళ్ళు నేను ముట్టుకుని చూశాను. చల్లగా ఉంది. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి కోక పెడతానన్నాడట. మీరు వేదికలెక్కి ఊళ్ళో తల్లులందరికీ దణ్ణాలు పెట్టండి, ఏం పోయింది.

6. నా అంత్యక్రియల విషయం. కొరివి పెద్దకొడుకు పెట్టాలని ఆచారం, పెట్టుకో. కెమెరా తెస్తే మాత్రం షాహుల్ కొడుకు పెడతాడు, అతనికి చెప్పి ఉంచాను. నా పోస్టరు మా అచ్చుకూటంలోనే, తంగమయిల్ చేతనే వేయించాలి. త్యాగం అనే మాట ఎక్కడా కనబడకూడదు. "పావాయి అమ్మాళ్ భర్త మారుదముత్తు" అని వేసి, తేదీ వేస్తే చాలు.

కర్మ రోజున ఆడవాళ్ళందరూ చుట్టూ చేరి పావాయి తాళి తీయడం, గాజులు పగలగొట్టడం, పూలు తుంచడం జరగడానికి వీల్లేదు. చెప్పేవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా సరే. తాళి కట్టింది నేను. దాన్ని తీయించే అధికారం నేనెవరికీ రాసివ్వడం లేదు. తీయాలనిపిస్తే ఆమే తీసుకుంటుంది, ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకుంటుంది. భార్య బతికుండగానే నన్ను విధురుణ్ణి చేసి ఊరూరా తిప్పిన కొడుకులకు ఆ రోజు ఆచారాల గురించి నోరెత్తే హక్కు లేదు.

7. నా జీవిత కథ, అందులోని త్యాగమని మీరు పిలిచే సమస్తం, దాన్ని సినిమాగా గానీ ఇంకే విధంగా గానీ చెప్పుకునే హక్కు పూర్తిగా పావాయి అమ్మాళ్‌దే. అది మొదటి నుంచీ ఆమెదే. కాగితం మీద ఇప్పుడు రాస్తున్నాను, అంతే తేడా. ఆమె వేలిముద్ర లేకుండా రెండో భాగం తీస్తే అమలుదారు దావా వేయాలి.

8. ఈ వీలునామా అమలుదారుగా రిటైర్డు డ్రాయింగు మాస్టారు అరుళానందం గారిని నియమిస్తున్నాను. ఆయన ఆ సినిమా చూడలేదు. ఈ ఊళ్ళో అలాంటివారు దొరకడం కష్టమైంది.

ఇది మొత్తం పావాయికి చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విని, పిల్లలకు ఏమీ లేకుండా చేశారు, వాళ్ళు వచ్చి అడిగితే నేనేం చేయాలని అడిగింది. అది నేను రాయనన్నాను. ఇవ్వడమో, గడప దగ్గర్నుంచే పంపేయడమో ఆమె ఇష్టం, నా కోపం ఆమెకు వారసత్వంగా ఇవ్వడం లేదు. కదిరవన్, ఎళిల్, ఇకనుంచి మీకు ఏం కావాలన్నా, లేదని లోకానికి మీరు చాటిన మనిషి ముందు నిలబడి, అమ్మా అని పిలిచి అడగాలి. వేరే దారి ఉంచలేదు.

మణప్పారై, 2023 సెప్టెంబరు 4.

(సంతకం) వీ. మారుదముత్తు

సాక్షుల వాంగ్మూలం: పై వ్యక్తి మా ఎదుట, తెలివిలో ఉండి సంతకం చేశారు. ఆయన కోరిక మీద ఇంకొక సంగతి కూడా ధ్రువీకరిస్తున్నాం. ఆ సమయంలో ఆయన భార్య పావాయి అమ్మాళ్ అదే గదిలో, ఆయన పక్కనే, ప్రాణాలతో కూర్చుని ఉన్నారు. మేమిద్దరమూ కళ్ళారా చూశాం. ఆమె మాతో మాట్లాడారు.

1. (సంతకం) షాహుల్ హమీద్, సైకిళ్ళ దుకాణం
2. (సంతకం) స్టెల్లా మేరి, నర్సు